వాడ కబుర్లు – 19: ప్రో ఎవరు, రూకీ ఎవరు?

ఈ వారం జాషువా మీద రాస్తానని మాటిచ్చాను. ఆయన జయంతి సెప్టెంబర్ 28 నాటికి తప్పకుండా రాస్తాను. ఈలోగా ఒక పాత కుస్తీ ఎపిసోడ్ గురించి చెప్పాలి. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాడివి, డబ్ల్యూడబ్ల్యూఈ గురించి రాయడమేంటి అని ఇన్‌బాక్స్‌లో అడగబోయేవాళ్లు కాస్త ఆగండి. చివర్లో నేనొక తప్పు ఒప్పుకోవాలి. ఆ తప్పు దగ్గరికి వెళ్లడానికి నాకు ఈ దారే దొరికింది.

మాది భావనపాడు. సంతబొమ్మాళి మండలం, సముద్రం ఒడ్డు. మా అయ్య నౌపడ ఉప్పు కొఠార్లలో కూలి. ఎండాకాలమంతా ఉప్పునీళ్లలో నిలబడి పనిచేసిన కాళ్లు ఎలా ఉంటాయో ఆ పని చేసే ఇళ్లలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంట్లో టీవీ లేదు. ఊళ్లో ఒకరింట్లో కేబుల్ ఉండేది. రాత్రిళ్లు కుస్తీ వస్తే ఊరి పిల్లలు లోపల చాప మీద కూర్చునేవాళ్లు. వాడ పిల్లలం మేం బయట కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడేవాళ్లం. మమ్మల్ని ఎవరూ రావొద్దనలేదు. రమ్మని కూడా అనలేదు. ఎక్కడ నిలబడాలో మాకు ముందే తెలుసు.

ఆ రోజుల్లో కుస్తీ కార్డులుండేవి, గుర్తుందా? కార్డు మీద బొమ్మ, కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. "ఛాతీ ఎంత?" "ర్యాంకు ఎంత?" అని అడుగుతూ ఒకడి కార్డు ఇంకొకడు గెలుచుకునేవాడు. పదేళ్లకే మాకు ఒక సంగతి తెలిసిపోయింది. మనిషికి ఒక ర్యాంకుంటుంది. అది ఎవరో అచ్చేసి పెడతారు. ఎవరు వేశారని అడిగినవాడు ఆటలో ఉండడు.

మా అయ్యకి తెలిసిన వస్తాదు ఒక్కడే, కోడి రామ్మూర్తి. వీరఘట్టంలో పుట్టినవాడు, సర్కస్ కంపెనీ నడిపినవాడు, ఛాతీ మీద ఏనుగునెక్కించుకున్నవాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఒకసారి అయ్య కూడా నాతో కిటికీ దగ్గర నిలబడి అండర్‌టేకర్ని చూశాడు. "నిజంగా కొడతన్నాడేట్రా?" అన్నాడు. "కాదయ్యా, ముందే అనుకుని ఆడతారు" అన్నాను, పెద్ద తెలిసినట్టు. అయ్య కాసేపు చూసి, "కొట్టడం అబద్ధవేమో గానీ, పడతన్నోడు పడతన్నాడు కదరా. నడుం ఆడిదే కదా" అన్నాడు. రోజూ తలమీద ఉప్పు మోసే మనిషికి నడుం సంగతి ముందు కనపడింది.

ఇక ఎపిసోడ్. 2010. విశాఖలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. హాస్టల్లో ఒక మిత్రుడి కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలొచ్చింది. అమెరికాలో ఆ ఏడాది ఫిబ్రవరి 23న మొదలైన కొత్త షో, ఎన్‌ఎక్స్‌టీ. పెద్ద వేదికకి వెళ్లే ముందు కొత్తవాళ్లని తయారుచేసే కార్యక్రమం అన్నమాట. ఎనిమిదిమంది కొత్తవాళ్లు, వాళ్లకి "రూకీ" అని పేరు. ఒక్కో రూకీకి నేర్పడానికి ఒక్కో పేరున్న వస్తాదు, ఆయన "ప్రో". గురుశిష్యుల లెక్క.

ఆ ఎనిమిదిమందిలో డేనియల్ బ్రయాన్ ఒకడు. అసలు పేరు బ్రయాన్ డేనియల్సన్. కంపెనీలోకి రాగానే పేరు తిప్పి పెట్టారు. 1999 నుంచి కుస్తీ చేస్తున్నాడు. చిన్న చిన్న హాళ్లలో, జపాన్‌లో, ఇంగ్లండ్‌లో ఆడాడు. రింగ్ ఆఫ్ ఆనర్ అనే చిన్న సంస్థలో ఛాంపియన్. కుస్తీ తెలిసినవాళ్లు ప్రపంచంలో ఉత్తమ వస్తాదుల్లో ఒకడని చెప్పుకునే మనిషి. పదేళ్ల అనుభవం ఉన్న ఆ మనిషి ఇక్కడ రూకీ. అతనికి ఇచ్చిన ప్రో ది మిజ్. మిజ్ ఒక రియాలిటీ షోతో టీవీలో మొహం పరిచయమై, ఆ తర్వాత కుస్తీకొచ్చినవాడు. తెరమీదికి వచ్చింది 2006లో. అంటే శిష్యుడి కంటే గురువుకి అనుభవం తక్కువ.

మొదటి ఎపిసోడ్‌లోనే గురువు శిష్యుణ్ణి అందరి ముందూ చిన్నబుచ్చాడు. నీకు ఆకర్షణ లేదు, నీకు మాట రాదు, నువ్వు స్టార్‌వి కాదు. అటు వ్యాఖ్యాత మైఖేల్ కోల్ కూడా అదే పాట. పాయింటేంటంటే, ఆ కుర్రాడికి కుస్తీ రాదని ఎవరూ అనలేదు. కుస్తీ కాకుండా మిగతా అన్నిట్లోనూ తప్పులు పట్టారు. ఆ రాత్రి అతన్ని క్రిస్ జెరికో మీదకి పంపారు. రెండు రోజుల కిందటే ప్రపంచ టైటిల్ గెలిచిన మనిషి జెరికో. బ్రయాన్ తాళ్ల మధ్యనుంచి బయటకి దూకాడు, పక్కటెముకలు ఎర్రగా కందిపోయాయి. చివరికి జెరికో పట్టులో ఓడిపోయాడు.

ఆ సీజన్‌లో అతను ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. తమాషా ఏంటంటే, ప్రోలందరూ ఓటేసి ర్యాంకులిస్తే మొదటిసారి అతనే నంబర్ వన్. గెలుపు సున్నా, ర్యాంకు ఒకటి. తర్వాత మే నెలలో ఎవర్ని తీసేయాలో మీరే చెప్పండని రూకీలనే అడిగారు. బ్రయాన్ తన పేరే చెప్పుకున్నాడు. యాజమాన్యం తీసేసింది.

ఆ రాత్రి హాస్టల్లో మేం పడీపడీ నవ్వాం. పన్నెండు మంది దాకా ఉన్నాం గదిలో. మిజ్ మాటలు మిమిక్రీ చేశాం. ఇప్పుడు ఆలోచిస్తే, నవ్విన పన్నెండు మందిలో ఏడెనిమిది మందిమి ఎస్సీ, ఎస్టీ స్కాలర్‌షిప్పు మీద చదువుతున్నవాళ్లం.

కుస్తీ ఆట కాదు, ప్రదర్శన అని ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1957లో వచ్చిన తన 'మిథాలజీస్'లో వాదించాడు. అక్కడ ఎవరు గెలుస్తారన్నది కాదు ముఖ్యం, బాధ, ఓటమి, న్యాయం అందరికీ కనపడేలా ఎలా చూపిస్తారన్నది ముఖ్యం. మా ప్రాంతంలో తూర్పు భాగవతం చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. సత్యభామ అలిగితే నిజంగా అలిగిందా అని ఎవడూ అడగడు. కుస్తీలో ఇంకో మాటుంది, జాబర్. ఓడిపోవడమే ఉద్యోగమైనవాడు. ఎదుటివాడు పెద్దవాడిలా కనపడాలంటే ఇతను పడాలి. బాగా పడేవాడు దొరకడం కష్టం, అందుకే బాగా పడేవాడిని ఎప్పటికీ పడేస్తూనే ఉంటారు.

జాబర్ అన్న మాటకి పూర్తి అర్థం నాకు ఇంటర్వ్యూ బోర్డుల ముందు తెలిసింది.

పీహెచ్‌డీ అయ్యాక ఎన్ని ఇంటర్వ్యూలకెళ్లానో లెక్కలేదు. రిజర్వుడు పోస్టుకి పిలుస్తారు. అందరినీ కూర్చోబెడతారు. తర్వాత 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని రాసి పోస్టు ఖాళీగా ఉంచుతారు. మనల్ని పిలిచారన్న రికార్డు వాళ్లకుంటుంది, బస్సు టిక్కెట్టు మనకుంటుంది. ఈ దేశంలో చదువుకున్న దళితుల్లో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువ.

చివరికి ఒక ప్రైవేటు కాలేజీలో గంటకింత చొప్పున పని దొరికింది. పేరెందుకు. అప్పటికే నేను వేరే చోట్ల మూడేళ్లు పాఠం చెప్పాను, వ్యాసాలు అచ్చయ్యాయి. నా పని చూడ్డానికి ఒక సీనియర్ని పెట్టారు. ఆయనకి డాక్టరేట్ లేదు. అది తప్పు కాదు, లేకుండా గొప్పగా చెప్పేవాళ్లు బోలెడుమంది. ఆయన నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చూశాడు. బయటికొచ్చాక పాఠం గురించి ఒక్క మాట అనలేదు. "సబ్జెక్టు ఉందయ్యా నీకు. ఆ యాస మార్చుకో. ఏటి, ఎల్లు అంటే పిల్లలు నవ్వరూ? అయినా మీవాళ్లకి ఒత్తులు కష్టమేలే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఫ్యాకల్టీ రూంలో నలుగురున్నారు, నలుగురూ నవ్వారు.

నేను "పర్వాలేదు సార్" అన్నాను.

నాకు ఆ క్షణం ఆ ఎపిసోడ్ గుర్తొచ్చింది. నీకు కుస్తీ వచ్చు గానీ స్టార్‌వి కావు. నీకు సబ్జెక్టు వచ్చు గానీ లెక్చరర్‌వి కావు. మెరిట్ అని వాళ్లు దేన్నంటారో ఆ రోజు తెలిసింది. మనకి వచ్చిన ప్రతిదాన్నీ పక్కన పెట్టాక మిగిలేదాన్ని మెరిట్ అంటారు. జాషువా పద్యం విని పొంగిపోయిన సభలే, ఆయన కులం తెలియగానే మొహం మార్చిన సంగతులు 'నా కథ'లో ఉన్నాయి. వచ్చేవారం చెప్పుకుందాం.

ఏళ్లపాటు ఆ ఎపిసోడ్‌ని నేను ఇలాగే చదువుకున్నాను. బ్రయాన్ నేను. మిజ్ వాళ్లు. ఎంతో హాయైన చదువు అది. అందులో నేనెప్పుడూ మంచివాడినే.

దానికి మంచి ముగింపు కూడా ఉంది. 2010 సెప్టెంబర్ 19న శిష్యుడు గురువునే ఓడించి టైటిల్ తీసుకున్నాడు. 2013లో యాజమాన్యం పాత్రల్లో ఉన్న ట్రిపుల్ హెచ్, స్టెఫనీ అతన్ని 'బీ ప్లస్' ఆటగాడన్నారు. జనం ఒప్పుకోలేదు. 'యెస్ యెస్' అని ఊళ్లకి ఊళ్లు అరిచాయి. 2014 ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్‌లో అతను ఒకే రాత్రి రెండు మ్యాచ్‌లు ఆడి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చూసి ఏడ్చాను.

కానీ అది కంపెనీ రాసుకున్న కథ. తిట్టించిందీ వాళ్లే, గెలిపించిందీ వాళ్లే, రెండిటికీ టిక్కెట్లు అమ్ముకున్నదీ వాళ్లే. మన కథలకి ఆ స్క్రిప్టు లేదు. ఆ షో మొదలైన 2010లోనే, జూలై 14న, సోంపేట బీల కోసం నిలబడ్డ జనం మీద కాల్పులు జరిగాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న మా మండలంలోనే కాకరాపల్లిలో. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగురు మనవాళ్లని చంపారు. కింద పడ్డవాళ్లు లైట్లారాక లేచి దులుపుకుని వెళ్లే చోటు కాదు ఇది. పోలికని ఇక్కడిదాకా లాగడం తప్పని నాకు తెలుసు. అందుకే నేను చెప్పేది చిన్న విషయానికే పరిమితం చేసుకుంటున్నాను. స్టాఫ్‌రూములు, స్టేజీలు, మైకులు. రోజూ జరిగేవి, ఎఫ్‌ఐఆర్ రానివి.

ఇప్పుడు నా తప్పు.

మొన్న ఆగస్టు 29. తెలుగు భాషా దినోత్సవం. ఇప్పుడు నేను పనిచేస్తున్న కాలేజీలో సభ. స్టేజీ మీద గిడుగు రామ్మూర్తి ఫోటో, దండ. నేను యాంకర్ని. రెండు నెలల కిందట మా డిపార్ట్‌మెంట్‌లో ఒక గెస్ట్ లెక్చరర్ చేరాడు. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన సవర కుర్రాడు. నెట్ పాసయ్యాడు. ఇంట్లో సవర, బళ్లో తెలుగు, పుస్తకాల్లో ఇంగ్లీషు. మూడు భాషలు మోసుకొచ్చినవాడు. అతని పని చూడమని ప్రిన్సిపాల్ నాకు అప్పజెప్పారు. అంటే నేను ప్రో. అతను రూకీ.

అతను మైకు ముందు నిలబడి బాగానే మొదలుపెట్టాడు. "బాస" అన్నాడు. రెండోసారి కూడా "బాస" అన్నాడు. నేను పక్క మైకులోంచి, నవ్వుతూ, "భాష! ఒత్తు పలకాలి మాస్టారూ. ఈ ఒక్కరోజైనా!" అన్నాను. ఇంకా ఆగలేదు. "పర్లేదులే, కొండమీంచి దిగొచ్చారు, టైం పడుతుంది" అన్నాను.

మూడు వందలమంది పిల్లలు నవ్వారు. నా మాటకి అంత నవ్వొచ్చిందని ఒక్క సెకను నాకు సంతోషమేసింది. దాచుకోను.

అతను ఇటు తిరిగి "పర్వాలేదు సార్" అన్నాడు. మిగతా ప్రసంగం పేపర్లో చూసి చదివేసి దిగిపోయాడు.

ఎవరి ఫోటో కింద అన్నాను ఆ మాట? గిడుగు వ్యావహారిక భాష కోసం పోరాడినవాడు. జనం మాట్లాడేదే భాష అన్నవాడు. అంతకంటే ముఖ్యం, పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, సవర పిల్లల చదువు కోసం పాటుపడి, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసినవాడు. ఆయనకి దండేసి, సవర గొంతు తెలుగు మాట్లాడితే ఎగతాళి చేశాను. మా అమ్మ ఇప్పటికీ "బాస" అనే అంటుంది. హైస్కూలు దాకా నేనూ అన్నాను.

ఆ రాత్రి నిద్రపట్టక ఆ మొదటి ఎపిసోడ్ మళ్లీ చూశాను. పదిహేనేళ్ల తర్వాత. ఈసారి బ్రయాన్ మొహం చూడలేకపోయాను. మిజ్‌నే చూస్తూ కూర్చున్నాను. మైకు పట్టుకునే తీరు, మాట మధ్యలో జనం వైపు చూసే చూపు. నా ఫోన్లో మా కాలేజీ సభ వీడియో కూడా ఉంది. పక్కపక్కన పెట్టి చూశాను. ఎందుకు చూశావంటే ఏం చెప్పను.

మర్నాడు పొద్దున్నే టీ బడ్డీ దగ్గర అతన్ని కలిసి క్షమాపణ చెప్పాను. అతను ఇబ్బంది పడ్డాడు. మాట మార్చడానికేమో, రాత్రంతా ఏం చేశారు సార్ అన్నాడు. కుస్తీ చూశానన్నాను. ఒక్కసారిగా మొహం వెలిగింది. అతనూ పిచ్చి అభిమాని. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగినప్పుడు, అప్పు చేసి టిక్కెట్టు కొని, జనరల్ బోగీలో వెళ్లి, అందరికంటే పై వరసలో కూర్చుని జాన్ సీనాని చూసొచ్చాడట. "అగ్గిపెట్టంత కనపడ్డాడు సార్" అని నవ్వాడు.

ఏ ఎపిసోడ్ అని అడిగాడు. చెప్పాను. మిజ్ అంటే నాకు ఒళ్లు మంట అని కూడా అన్నాను. అతను టీ గ్లాసు కింద పెట్టి, "మిజ్‌ని మొదట్లో డ్రెస్సింగ్ రూంలోకి రానివ్వలేదు కదా సార్" అన్నాడు.

నాకు తెలిసిన కథే. మర్చిపోయాను, లేదా నాకు పనికిరాదని పక్కన పెట్టాను. రియాలిటీ షో నుంచి వచ్చాడని మిగతా వస్తాదులు అతన్ని మనిషిగా లెక్కచేయలేదు. ఏదో చిన్న తప్పుకి రూంలోంచి గెంటేశారు. నెలల తరబడి బయట వరండాల్లో బట్టలు మార్చుకున్నాడు. ఆ విషయం అతనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు.

"బయట నిలబడ్డోడే కదా సార్, లోపలికెళ్లాక తలుపేసింది" అన్నాడు ఆ కుర్రాడు. నన్ననలేదు. మిజ్‌ని అన్నాడు. అయినా నాకు భావనపాడులో ఆ కిటికీ చువ్వలు గుర్తొచ్చాయి.

అంబేడ్కర్ శ్రేణీకృత అసమానత అన్నది దీన్నే. కులం రెండు మెట్లు కాదు, నిచ్చెన. పైకి చూస్తే గౌరవం, కిందికి చూస్తే తిరస్కారం. ప్రతివాడికీ కింద ఒకడుంటాడు కాబట్టి మొత్తం నిచ్చెనని తగలబెట్టడానికి అందరూ కలిసి రారు. ఈ పాఠం నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. చెప్పేటప్పుడు ప్రతిసారీ నా చెయ్యి పైకే చూపించేది.

కుస్తీ చూసేవాళ్ల కోసం ఇంకొక్కటి. 2019 నాటికి బ్రయాన్ ఛాంపియన్, విలన్ కూడా. అతని ఎదురుగా కోఫీ కింగ్‌స్టన్, ఘానాలో పుట్టిన నల్లజాతివాడు, పదకొండేళ్లుగా అదే కంపెనీలో పెద్ద అవకాశం రాకుండా పనిచేసినవాడు. కోఫీని బ్రయాన్ ఏమన్నాడో తెలుసా? 'బీ ప్లస్' ఆటగాడు అన్నాడు. తనని అన్న మాటే. ఆ ఏప్రిల్ 7న కోఫీ చేతిలో ఓడిపోయాడు. స్క్రిప్టు రాసినవాడెవడో గానీ మనుషులు తెలిసినవాడు.

ఇక మిగిలింది ఇది. నేను ఎగతాళి చేసింది మూడు వందలమంది ముందు. క్షమాపణ చెప్పింది టీ బడ్డీ దగ్గర, ఇద్దరమే ఉన్నప్పుడు. ఈ లెక్క సరిపోదు. నన్ను ఎగతాళి చేసిన ఆ సీనియర్ ఒకవేళ ఏ సందులోనో కనపడి సారీ అన్నా, ఫ్యాకల్టీ రూంలోని ఆ నలుగురికీ తెలియదు కదా. అందుకే సోమవారం ప్రార్థన సమయంలో అదే మైకులో చెప్తాను. ప్రిన్సిపాల్‌ని అడిగాను. "ఇంత చిన్నదానికి ఎందుకండీ" అన్నారు. చిన్నదే సార్, చెప్పనివ్వండి అన్నాను. వచ్చే ఆగస్టు 29న సభ సవర పలకరింపుతో మొదలవ్వాలని కూడా రాసిచ్చాను. "చూద్దాం" అన్నారు. ఆ 'చూద్దాం' వెనక పడడం నా పని.

ఇది రాస్తానని ఆ కుర్రాడికి ముందే చెప్పాను. పేరు రాయొద్దన్నాడు, రాయలేదు. చదివి ఒక్క దిద్దుబాటు చేశాడు. నేను 'కొండమీంచి దిగొచ్చారు' అన్న మాటని మొదటి చిత్తులో రాయలేదు. ఒత్తు దగ్గరే ఆపేశాను. "అది కూడా అన్నారు సార్" అన్నాడు.

చేర్చాను.

జై భీమ్.